పోలమ్మ గీసిన ఇంటిగుర్తు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, మూడో వీధి మలుపులో, రేకు కప్పిన బల్ల వెనక నిలబడి బొగ్గుల ఇస్త్రీపెట్టె తోస్తుండే మనిషి పోలమ్మ. డెబ్భై నిండాయి. వయసెంతని ఎవరైనా అడిగితే, "నా వయసుతో నీకేటి పని? పేంటు మడత సరిగ్గా వచ్చినాదో నేదో సూసుకో" అంటుంది. నోరు అలాంటిది. దాదాలతో బెంగాలీలో, బిహారీలతో హిందీలో, మనవాళ్లతో మన భాషలో ఎక్కడా తడుముకోకుండా తిడుతుంది. ఇంత నోరున్న మనిషికీ ఒక పిరికితనం ఉంది. ఖాకీ బట్ట తెస్తే పుచ్చుకోదు. "బొగ్గులైపోయినాయి, రేపు రా" అంటుంది. రేపూ అదే మాట. పెట్టెలో బొగ్గులు మాత్రం కణకణమంటూనే ఉంటాయి. ఇదేం చోద్యమమ్మా అని నవ్వుకున్నవాళ్లే గాని ఎందుకని అడిగినవాళ్లు లేరు. ఎవరూ అడగనందుకు దేవుడికి దండం పెట్టుకుంటూ యాభై ఏళ్లు నెట్టుకొచ్చింది.

అలాంటి మనిషికి ఒక శుక్రవారం పొద్దున గండం వచ్చిపడింది. అదీ స్కూటీ మీద వచ్చింది.

స్కూటీ దిగినవాళ్లు కిరణ్‌కుమార్, పూజ. అన్నాచెల్లెళ్లు. మూడో వీధి చివరి క్వార్టర్‌లో ఉండే హైమవతి మనవలు. హైమవతిని పోలమ్మ 'అప్పా' అని పిలుస్తుంది. తోడబుట్టిన అప్ప కాదు, తరతరాలుగా బట్టలుతికిన ఇంటి ఇల్లాలు. అయినా పోలమ్మ మొగుడు పోయినప్పుడు పదకొండు రోజులు ఆమెకు అన్నం మోసుకొచ్చింది హైమవతే. పోలమ్మ కూతురి పెళ్లికి కొంగు బిగించి పనులన్నీ చేసింది హైమవతే. ఇప్పటికీ సాయంకాలమైతే ఇద్దరూ ఆ క్వార్టర్ గడప మీద కూర్చుని, ఒక గ్లాసు టీ రెండుగా పోసుకుని తాగుతారు. ఈ వయసులో పోలమ్మకు పోగొట్టుకోవడానికి ఇంకేమైనా మిగిలిందంటే, అది ఆ గడప మీది చోటు. అది పోతే ఆమెకు సాయంకాలం అనేదే లేదు.

"మామ్మా, ఒక పనుండి వచ్చినాం," అంది పూజ. ఫ్లెక్సులు అచ్చువేసే షాపులో బొమ్మలు గీసే ఉద్యోగం ఆ పిల్లది. ఫోను తీసి బల్ల మీద పెట్టింది. "నాన్న ఈ నెలాఖరుకి రిటైరవుతన్నాడు కదా. క్వార్టర్ అప్పజెప్పేసి తాల్‌బగీచా ఇంటికి ఎల్లిపోతాం. తాత కాలం నుంచి ఉన్న వీధి ఇది. మాదని చెప్పుకోడానికి ఇంకేటీ మిగల్దు. అందుకని మా ఇంటికొక ముద్ర తయారుచేసి, అన్నయ్యా నేనూ చేతిమీద టాటూ ఏయించుకుంటన్నాం. ఆదివారం పదకొండింటికి ఎరిక్ షాపులో టైము తీసుకున్నాం."

"టాటూ అంటే పచ్చబొట్టే కదే? దానికింత సంబరమా?" పోలమ్మ తన ముంజేయి చూపించింది. వెలిసిపోయిన ఆకుపచ్చ చుక్కలు. "ఆరేళ్లప్పుడు పొడిపించినారు నాకు. ఏడిసి ఏడిసి గొంతు పోయినాది."

ఫోనులో బొమ్మ బాగానే ఉంది. చుట్టూ రైలు చక్రం, ఎందుకంటే వాళ్ల తాత చిన్నారావు వర్క్‌షాపులో చక్రాల దగ్గర పనిచేసినవాడు. చక్రం లోపల రెండు వరికంకులు, శ్రీకాకుళం పక్క వాళ్ల సొంతూరి కోసం. కింద చిన్న అక్షరాల్లో క్వార్టర్ నంబరు. నడుమ అరంగుళం మేర ఖాళీ. ఇక్కడిదాకా తేలడానికే వారం రోజులు పోట్లాడుకున్నారట. కిరణ్‌కుమార్ ఇంటర్నెట్‌లో చూసి, కిరీటం పెట్టుకున్న సింహం కావాలని పట్టుబట్టాడట.

"పిల్లిని చూస్తే జడుసుకుంటాడు, ఈడికి సింహం కావాలంట," అంది పూజ.

"ఎరిక్ దగ్గర సింహం రెడీగా ఉన్నాదే, అంటించడమే," అన్నాడు కిరణ్‌కుమార్ ఉడుక్కుంటూ.

పోలమ్మ నవ్వింది. "మరి నడిమిన కాళీ ఏటి?"

"అదే నీ పని మామ్మా. మా ఇంటి చాకలిగుర్తు గీసియ్యి."

పోలమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె గాలిలోనే ఆగిపోయింది.

"పక్క వీధిలో ఒకళ్లింట్లో పాత దుప్పటి చూసినాను," పూజ ఉత్సాహంగా చెప్పుకుపోతోంది. "మూల నల్లగా గుర్తున్నాది. ఎవరింటి గుర్తు వాళ్లకి వేరే అంట కదా. రాజులకేనా ముద్రలు, మన క్వార్టర్లకీ ఉన్నాయనుకున్నాను. ఇంటికొచ్చి మా పెట్టెలన్నీ తిరగేసినాను. మా బట్టల మీద నల్లగుర్తే లేదు. తాత పంచెల మీద కూడా ఎర్రదారం కుట్టే ఉన్నాది. మాకు మాత్రం దారం ఏల కుట్టినావు మామ్మా?"

"మీ తాతకి నల్లజీడి పడదు," అంది పోలమ్మ. అబద్ధం ఎంత తొందరగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. "మెడంతా పొక్కిపోయినాది. అందికే దారం."

"ఐతే పొక్కకముందు గుర్తుండేది కదా? అదే గీయి," అన్నాడు కిరణ్‌కుమార్. "గుర్తు చూసీ చూడగానే ఎవరింటి బట్టో చెప్పీసేదానివంట కదా. నాన్నమ్మ ఇప్పటికీ చెప్తాది."

పోలమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆ పిల్లాడి మొహంలో ఏ కల్మషమూ లేదు. ఊరికే మెచ్చుకున్నాడు. ఆమె ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, చేతులు కొంగుతో తుడుచుకుంది. "గేపకం తెచ్చుకోవాలి కదా. నాలుగింటికి రండి" అని పంపేసింది.

జ్ఞాపకం తెచ్చుకోవడమట! మరిచిపోతే కదా తెచ్చుకోవడానికి.

పోలమ్మ పలాస పక్క పల్లె నుంచి పద్దెనిమిదో ఏట ఖరగ్‌పూర్ కోడలిగా వచ్చింది. మామ దేముడు ఎనభై తెలుగు క్వార్టర్ల బట్టలకు పెద్ద. మురికిబట్టల మూటలన్నీ కలిపి ఉడకేసి ఉతికి, ఎవరివి వాళ్లకు విడదీసి ఇవ్వాలంటే గుర్తులే ఆధారం. కాల్చిన నల్లజీడి గింజలో సూది గుచ్చి, ఆ రసంతో కాలరు లోపలి పక్కన గుర్తు పెట్టి, పైన సున్నం రాసేవారు. బట్ట చిరిగి పీలికలైనా ఆ నలుపు పోదు. రసం వేలికంటితే మాత్రం వారం రోజులు బొబ్బ. దేముడి లెక్క తేలికైనదే. మూడో వీధైతే మూడు గీతలు. అందులో ఏ ఇల్లో తెలియడానికి ఒకరికి చుక్క, ఒకరికి కొక్కెం. చిన్నారావు ఇంటికి మూడు గీతలు, మధ్యగీత కింద కొక్కెం.

అత్తకు ఆ గుర్తులన్నీ పట్టుబడడానికి ఏడాది పట్టిందట. కోడలు రెండు నెలల్లో పట్టేసింది. అక్షరం ముక్క రాని పిల్ల. దేముడు నలుగురినీ పిలిచి, ఒక్కో చొక్కా ఎత్తి చూపిస్తుంటే పోలమ్మ తడుముకోకుండా ఇంటిపేరు, మనిషిపేరు, వర్క్‌షాపులో ఏ షాపులో పనో కూడా చెప్పేది. "నా కోడలికి ఎనబై ఇల్లూ నోటిమీదే ఉన్నాయి" అని మామ మురిసిపోయేవాడు. ఆమెను ఆ ఊళ్లో అంతకుముందు ఎవరూ దేనికీ మెచ్చుకోలేదు.

మరుసటి ఏడు, డెబ్భై నాలుగు మే నెలలో, రైల్వే సమ్మె వచ్చింది. మగవాళ్లు ఇళ్లల్లో పడుకోవడం మానేశారు. ఒకరోజు పట్టాల మీద కూర్చున్నవాళ్లను చెదరగొడితే, చిన్నారావు ముళ్లకంచె దూకి పారిపోయాడు. చొక్కా కంచెకు చిక్కుకుని చిరిగి అక్కడే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం ముగ్గురు పోలీసులు దేముడి గుడిసె ముందుకొచ్చారు. దేముడూ, మొగుడూ చాకిరేవులో ఉన్నారు. ఇంట్లో పోలమ్మ, మూడు నెలల కూతురు. వచ్చినవాళ్లలో పెద్దాయన ఆ చొక్కా కాలరు తిరగేసి, "యే నిశాన్ కిస్‌కా హై?" అని, ఆ గుర్తు ఎవరిదని అడిగాడు. పోలమ్మ చెప్పేసింది. భయపడి చెప్పేసింది. యాభై ఏళ్లుగా ఆమె తనకు తాను చెప్పుకుంటున్న మాట అదే.

చొక్కా మార్చుకోడానికి ఇంటికొచ్చిన చిన్నారావును గంటలో పట్టుకుపోయారు. రెండు నెలల తర్వాత వచ్చేసరికి ఎడమ చెవి వినబడదు. ఉద్యోగం పోయింది, క్వార్టర్ పోయింది. ఉద్యోగం మళ్లీ చేతికొచ్చి ఇదే వీధిలో క్వార్టర్ దొరికేదాకా, మూడేళ్లు తాల్‌బగీచాలో రేకుల గదిలో ఉన్నారు. ఆ మూడేళ్లూ పోలమ్మ పిలవకుండానే అంతదూరం నడిచివెళ్లి వాళ్ల బట్టలు మోసుకొచ్చి ఉతికి ఇచ్చింది. ఎవరున్నారే నాకు నీలాంటిది అని హైమవతి ఆమెను పట్టుకుని ఏడ్చింది. అప్ప అయింది అప్పుడే.

ఎవరు చెప్పారు అనే ప్రశ్నకు వీధి రెండో రోజే జవాబు తేల్చేసింది. పక్క క్వార్టర్ ఏలియా. ఇంజన్‌లో ఫైర్‌మన్. కడుపుతో ఉన్న పెళ్లాన్ని చూపి సమ్మెలో దిగనన్నాడు, డ్యూటీకి వెళ్లాడు. ఇంకెవరు చెబుతారు? ఎవరూ వాళ్లతో మాట్లాడలేదు. కొట్టువాడు ఉప్పు కూడా ఇవ్వలేదు. నాలుగు నెలలు చూసి, బదిలీ పెట్టుకుని ఎటో వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మనిషి ఊసు తెలియదు. చిన్నారావు పదేళ్ల కిందట పోయేదాకా ఆ పేరు వినబడితే ఉమ్మేసేవాడు. పోలమ్మ అక్కడే ఉండేది. చూస్తూ ఉండేది.

కాలరు లోపలి గుర్తు చాకలివాళ్ల కళ్లకే ఆనుతుంది గాని తొడుక్కున్నవాడు కూడా చూసుకోడు. అందుకే చొక్కా పోయిందని తెలిసినా, ఆ చొక్కా మాట్లాడుతుందని ఎవరికీ తట్టలేదు. అది ఎప్పటికీ తట్టకూడదని, ఆ ఇంటి బట్టలకు నల్లజీడి మానేసి ఎర్రదారం కుట్టడం మొదలుపెట్టింది పోలమ్మ. కొక్కెం గుర్తు మళ్లీ ఎక్కడా గీయలేదు. ఊళ్లోకి వాషింగ్ మిషన్లు వచ్చి రేవు మూతపడ్డాక, హమ్మయ్య అనుకుని ఇస్త్రీబల్ల పెట్టుకుంది. ఇప్పుడు ఇదిగో, ఆ గుర్తే కావాలని చిన్నారావు మనవలు వచ్చి కూర్చున్నారు.

నాలుగింటికి పూజ కాగితమూ స్కెచ్‌పెన్నూ చేతికిచ్చింది. పోలమ్మ అప్పటికి ఒక నిర్ణయానికి వచ్చేసింది. తప్పు గుర్తు గీసిస్తుంది. అసలు గుర్తు బయటికి రాకపోతే ఆ చొక్కా ఊసూ రాదు. పిల్లలకేం తెలుసు? మూడు గీతలు గీసింది. కొక్కెం మాత్రం వద్దు, వద్దు అనుకుంటూ గబగబా ఇంకేదో పెట్టేసి కాగితం తోసేసింది. పిల్లలు ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని, ఆమె బుగ్గలు పుణికి, స్కూటీ ఎక్కి వెళ్లిపోయారు. గాలికి ఎగరకుండా కాగితం మీద బొగ్గుముక్క పెట్టబోతూ పోలమ్మ దానికేసి చూసింది. కన్ను పడగానే నోరు దానంతటదే అంది, "ఏలియాది."

మూడు గీతలు, మొదటి గీత పక్కన జంటచుక్కలు. ఏలియా ఇంటిదే.

కొత్త గుర్తు పుట్టించడం ఆమె చేతికి ఎప్పుడైనా వచ్చిందా? ఆ చేతికి తెలిసినవి ఎనభై గుర్తులు. ఒకటి వద్దంటే పక్కింటిది పెట్టింది. పోలమ్మ బల్ల కింద బొగ్గుల గోతం మీద కూలబడింది. కొంప ముంచాను కదరా భగవంతుడా అనుకుంది. చిన్నారావు ఉమ్మేసిన పేరు చిన్నారావు మనవల ఒంటి మీద, చచ్చేదాకా చెరగకుండా! ఆ సాయంకాలం టీకి వెళ్లలేదు. హైమవతి కబురు పెడితే తలనొప్పి అంది.

శనివారం పొద్దున్నే బ్యాటరీ రిక్షా టోటో ఎక్కి ఎరిక్ షాపుకు పోయింది. గోల్‌బజార్ దారిలో అద్దాల తలుపున్న చిన్న గది. గోడ నిండా పులులు, పుర్రెలు. ఎరిక్ ముప్పై ఏళ్లవాడు, చెవికి పోగు, చేతులకు నల్ల తొడుగులు. అన్నాచెల్లెళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. కొలత చూసుకోడానికట.

"ఒలే, ఈ వారం వద్దే. దినం బాగునేదు," అంది పోలమ్మ రొప్పుతూ.

"నువ్వే శుక్రవారం గీసిచ్చినావు కదా మామ్మా, లక్ష్మి నడిచొచ్చినట్టే," అంది పూజ.

"సూదులు మంచివి కావంట. రోగాలొస్తాయంట."

"కొత్త సూదులే ఆంటీ. డరో మత్," ఎరిక్ ఒక పొట్లం చింపి చూపించాడు.

"పచ్చబొట్టుంటే ఉజ్జోగాలియ్యరంట!"

అందరూ నవ్వారు. పూజ ముంజేయి చాచింది. ఎరిక్ పల్చని కాగితం అంటించి, తడి చేసి, మెల్లగా ఊడదీశాడు. ఊదారంగులో చక్రం, కంకులు, నడుమ మూడు గీతలు, జంటచుక్కలు. చర్మం మీద అచ్చు దిగిపోయింది. పోలమ్మ కుర్చీ పట్టుకుంది.

"ఇది కడిగితే పోతాది మామ్మా, ఊరికే చూసుకోడానికి. రేపు అసలుది," అంది పూజ. "ఏసుకున్నాక ఫొటో తీసి మన ఖరగ్‌పూర్ తెలుగోళ్ల గ్రూపులో పెడతాను. ఇక్కడినుంచి టాటానగర్ ఎల్లినోళ్లు, వైజాగ్ ఎల్లినోళ్లు, అందరూ ఉన్నారు. ఎవరిళ్లల్లో పాత దుప్పట్లున్నాయో తీసి పోల్చుకుంటారు. ఎంత మజాగా ఉంటాదో!"

ఎక్కడో ఒక ఊళ్లో, ఒక పెట్టె అడుగున ఏలియా తెల్లచొక్కా మడత పోలమ్మ కళ్లకు కట్టింది. ఆ ఇంటి పిల్లలెవరో ఫోనులో ఫొటో చూస్తారు. ఇది మాది కదా అంటారు. ఎవరు గీశారని అడుగుతారు.

"తప్పు గీసినానే," అనేసింది. "ఇది కాదు మీది. ఇలా తే, మళ్లీ గీస్తాను."

పెన్ను పట్టుకుంది. మూడు గీతలు వచ్చాయి. మధ్యగీత కింద కొక్కెం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి బిగుసుకుపోయింది. ఎంత తోసినా ముందుకు సాగలేదు.

"మామ్మకి మతిమరుపు వచ్చీసినాది," అన్నాడు కిరణ్‌కుమార్ జాలిగా. "నాన్నమ్మని అడుగుదాం. తాత చొక్కా కంచెమీద పోయిందని కథ చెప్తాది కదా. ఆ చొక్కా ఏమైందో కనుక్కుంటే దానిమీద ఉంటాది గుర్తు."

చూశారా, ఎంత దగ్గరికి వచ్చేశాడో. ఇంకొక్క అడుగు. యాభై ఏళ్లు వీధంతా వెయ్యని అడుగు ఈ పిల్లాడు స్టూలు మీద కాళ్లూపుకుంటూ వేసేస్తాడు.

"వద్దొద్దు, మీ నాన్నమ్మనేటీ అడగొద్దు. ముందు గీసిందే సరైనది," అని పోలమ్మ పెన్ను అక్కడ పారేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటపడింది.

ఆదివారం ఆమె బల్ల తెరవలేదు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. ఎవరూ పోల్చుకోకపోవచ్చు. ఏలియా మనుషులు ఆ ఫొటో చూడకపోవచ్చు. రెండేళ్లో మూడేళ్లో, తను పోతుంది, తనతో గొడవా పోతుంది. ఇదంతా బాగానే ఉంది గాని, రేపటి నుంచి రోజూ సాయంకాలం ఆ గడప మీద కూర్చుంటే, టీ గ్లాసు అందించే పూజ చేతిమీద ఆ జంటచుక్కలు కనబడతాయి. కనబడిన ప్రతిసారీ తన నోట్లో ఏలియా పేరు పలుకుతుంది. పలక్కుండా ఆపడం ఆమెకు చేతకాదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

పది కావస్తుండగా హైమవతి క్వార్టర్ గుమ్మమెక్కింది. సామాన్ల సర్దుడు జరుగుతోంది. కొడుకూ కోడలూ కొత్తింటికి ఒక విడత సామాను తోలుకెళ్లారు. పిల్లలు అప్పుడే షాపుకు బయల్దేరారట. హైమవతి ఒక్కతీ నేల మీద కూర్చుని స్టీలు గ్లాసులకు పేపరు చుడుతోంది.

"వచ్చినావా తల్లీ! రెండ్రోజులుగా ఏమైపోయినావే? కూకో. ఇదొక పట్టు పట్టు," అంది.

పోలమ్మ కూర్చోలేదు. "అప్పా, పిల్లల సేతిమీద పడతన్నది మీ గుర్తు కాదు."

"మరెవులిది?"

"ఏలియాది."

హైమవతి చేతిలో గ్లాసు పక్కన పెట్టింది. మొహం ఎర్రబడింది. "ఆ కుక్క గుర్తు నా మనవల ఒంటిమీదా? నీకు మతి పోయినాదేటే? ఏల గీసినావు?"

"ఆడు కుక్క కాదప్పా," అంది పోలమ్మ. "ఆడు ఏటీ సెప్పనేదు. సెప్పింది నాను. బావ సొక్కా ఒట్టుకొని పోలీసోల్లు నా కాడికొచ్చినారు. కాలరు మీద గుర్తు సూపించి ఎవులిదని అడిగినారు. నాను సెప్పినాను."

హైమవతి తలెత్తి చూసింది.

"కొట్టినారా నిన్ను?"

"నేదు."

"పిల్లని ఎత్తుకుపోతామన్నారా?"

"నేదు."

"తిట్టినారా పోనీ?"

"నేదప్పా. అడిగినారు. అంతే."

"బయపడిపోయుంటావు. పంతొమ్మిదేళ్ల గుంటవి. బయపడి సెప్పేసుంటావు." హైమవతి ఆ మాట పోలమ్మ కోసమే వెతికి తెచ్చినట్టు, బతిమాలినట్టు అంది.

అవునంటే సరిపోయేది. తల ఒక్కసారి కిందికి ఊపితే చాలు, ఈ ముసలామె ఏడ్చి, తిట్టి, చివరికి దగ్గరికి తీసుకునేది. పోలమ్మకు అది స్పష్టంగా తెలిసింది. తను యాభై ఏళ్లు నమ్ముకున్నదీ అదే కదా. కానీ మొన్న కాగితం చూడగానే తన నోరు ఎలా అందో ఆమె విన్నది. ఆ రోజూ అలాగే అంది.

"బయపడి కాదప్పా," అంది. "బయం తర్వాత వచ్చినాది. ఆడు అడిగినాడు, నాకు తెలుసు. తెలుసు గనక సెప్పీసినాను. మా మావ నలుగురిలో అడిగితే సెప్పినట్టే సెప్పీసినాను. ఇంటిపేరు, మనిసిపేరు, సక్రాల షాపు, అన్నీ సెప్పినాను. ఆడు సెబాసన్నాడు. నాను నవ్వినాను కూడా. ఆల్లు ఈదిలోకి తిరిగినాక తెలిసినాది నాకు, నానేటి సేసినానో."

చెప్పేసి, గోడకు ఆనుకుని జారిపోయి కూర్చుంది. తిడుతుందనుకుంది. పొమ్మంటుందనుకుంది. హైమవతి పక్కనున్న గ్లాసు మళ్లీ తీసి, సగం చుట్టిన పేపరు విప్పేసి, మళ్లీ చుట్టింది.

"ఏలియా పెళ్లాం," అంది చివరికి. "ఏడో నెల దానికి. ఈది కుళాయి కాడ బిందె పెట్టినాది. ఆ బిందె తన్నింది నాను. అందరూ సూస్తన్నారు. బిందె దొర్లిపోయి సొట్టపడ్డాది. అది వంగలేక వంగి ఎత్తుకొని, మారుమాటాడకుండా ఎల్లిపోయినాది. ఇన్నేళ్లూ మంచిపని సేసినాననుకున్నానే. సెడ్డగా ఉన్న రోజుల్లో అది తలుసుకుంటే కడుపు సల్లగా ఉండేది నాకు." ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "నువ్వు మా ఆయన సెవి తీసినావు. సరే. ఆడు పోయినాడు, నాకూ వయసైపోయినాది. మరి ఆ బిందె సంగతేటి? ఆ తన్ను నా సేత తన్నించినావు కదే. ఈ పొద్దు దాన్ని నానెక్కడ ఎతకను?"

పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తను తన గురించే భయపడింది గాని, ఈ మనిషి కూడా ఇందులో పడి ఉందని యాభై ఏళ్లలో ఒక్కసారీ ఊహించలేదు.

హైమవతి గోడ పట్టుకుని లేచి, అలమార మీదున్న ఫోను అందుకుని మనవడికి చేసింది.

"కిరణూ, మొదలెట్టీసినారా? లేదు కదా. ఆపండి. ఇద్దరూ ఇంటికి రండి. అది మన గుర్తు కాదు. ఏలియాది. ఆఁ, ఆ ఏలియాదే. మాటాడకుండా బేగి రండి."

ఫోను పెట్టేసి వచ్చి, పోలమ్మకు రెండు బారల దూరంలో, మూటకట్టిన దుప్పట్ల మీద కూర్చుంది. మొహం ఇటు తిప్పలేదు.

"ఆల్లొస్తన్నారు. ఏలియా మనుసులు ఎక్కడున్నారో ఆ ఫోనుల్లో ఎతికిస్తాను. దొరికితే నాను ఎల్తాను. నువ్వూ వస్తావు. ముందు ఆ పిల్లలకి నువ్వే సెప్పాలి, నాకు సెప్పినట్టే."

"నానా? ఆల్ల మొకం సూసి నాను సెప్పలేనప్పా. నువ్వే..."

"నువ్వే సెప్పాలి. నాను ఇక్కడే కూకుంటాను. నిన్నేటి సెయ్యాలో నాకింకా తెల్దు, అది తర్వాత మాట." హైమవతి ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని తడి లేదు. "ఒక్కటి మాత్రం ఇను. బయపడి సెప్పినానని మాత్రం ఆల్లకి సెప్పకు."

పోలమ్మకు భయం పట్టుకుంది. పోలీసుల ముందు లేని భయం. వీధిలో స్కూటీ ఆగింది. పిల్లలిద్దరూ ఏదో గట్టిగా మాట్లాడుకుంటూ చెప్పులు విప్పుతున్నారు. హైమవతి కదల్లేదు. పోలమ్మ కొంగు నోట్లోంచి తీసి, గుమ్మం వైపు తిరిగి కూర్చుంది.